పెంకి బయటికి రాని వానాకాలం

జులై 2
ఇల్లు, సాల పక్క గది

మామయ్యగారికి,

మీరు క్షేమంగా చేరారని వదిన రాసిన కార్డు అందింది. ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఆరడం లేదు, తడిగుడ్డల మీదే ఇస్త్రీపెట్టె పెట్టి రుద్దుతున్నాం. ఇంటికొచ్చేసరికి చేతులు కాలినవి కాలినట్టు, కాళ్ళు నానినవి నానినట్టు.

రాస్తున్నది పెంకి గురించి. మీరు ఏటా వచ్చినట్టే వచ్చి దాని గిట్టల నాడాలు తీసిన మర్నాడు, అది వాలు మీద జారి ఆయన మీద పడింది. ఆయన పోయి నేటికి మూడు వారాలు. ఆ రోజు ఎవరు పట్టుకొచ్చి కట్టేశారో తెలీదు, అప్పట్నుంచి సాలలోనే ఉంది. పొద్దునా సాయంత్రం ఇంత గడ్డి విసిరేస్తాను, బకెట్టుతో నీళ్ళు పెడతాను, మొహం తిప్పుకుని వచ్చేస్తాను. ఒక్కసారీ ముట్టుకోలేదు. ఒంటి మీద ఆనాటి బురద అలాగే ఎండి అట్టలు కట్టింది. దాని తప్పేం లేదని తెలుసు. తెలిసి ఏం లాభం? తోమడానికి చెయ్యి రావడం లేదు.

మొన్నటి నుంచి చెక్కలు తన్నుతోంది. పక్కింటి దర్జీ గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, నీ గుర్రం తన్నితే నా సూదిలో దారం ఊడొస్తోంది, కాస్త బయటికి వదలరాదా" అన్నాడు. ఎలా వదలను? పెరడంతా పిక్కల లోతు బురద. గడ్డి బయలుకు పోవాలంటే ఆ వాలే దిగాలి. కాలు జారకుండా ఉంటుందని ఆయనే చేత్తో పరిచిన రాళ్ళు, వాటినే తొక్కాలి.

వానైనా వరదైనా గుర్రం రోజుకు రెండుసార్లు బయట తిరగాల్సిందేనని మీరు చెప్పేవారు. మీ అబ్బాయికి అదే వేదం. ఇప్పుడూ అదే అంటారా? కట్టేసి ఉంచనా, వదలనా? మీరు ఏది చెబితే అది చేస్తాను. నాకు బుర్ర పనిచేయడం లేదు.

మీ కోడలు

*

జులై 9
కూతురి ఇల్లు, మెట్ల కింద గది

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. నీ వదిన కుట్టుమిషను ముందు కూర్చుంటే ఇంటికి నిప్పంటుకున్నా లేవదు కాబట్టి, నేనే కిటికీ దగ్గర కూర్చుని చదువుకున్నాను, నేనే రాస్తున్నాను.

కట్టేసే ఉంచు. వదలొద్దు.

అవును, బయట తిప్పమని నలభై ఏళ్ళు అందరి చెవుల్లో ఊదరగొట్టినవాణ్ణే. ఇప్పుడు వద్దంటున్నాను. ముసలాడికి మతి పోయిందనుకో, తిట్టుకో, మాట మాత్రం విను.

కట్టేసి ఉంచడానికీ ఒక పద్ధతుంది. కలప అడితికి వెళ్ళి రంపపు పొట్టు తెచ్చుకో. మా వాడు పదేళ్ళు వాళ్ళ దుంగలు మోశాడు, లేదనరు. ముక్కిన వాసన వేసేది తీసుకోకు. చెయ్యి మునిగేంత మందాన పరువు. తడిసిన చోటు ఏ రోజుకారోజు ఎత్తిపొయ్యి. గడ్డి మీద నీళ్ళు చిలకరించి పెట్టు, లేకపోతే దుమ్ముకి దగ్గు పట్టుకుంటుంది. గింజలు సగానికి సగం తగ్గించు, పని లేని గుర్రానికి తిండెక్కువైతే కడుపు బిగుసుకుంటుంది. పై కిటికీ మూయకు. జల్లు కొడితే కొట్టనీ, గాలాడాలి.

కాళ్ళ జోలికి మాత్రం పోకు. వెనక కాళ్ళ దగ్గరికైతే అసలు వెళ్ళకు. దానికి పెంకి అని ఊరికే పేరు పెట్టలేదు, తన్నిందంటే గోడకి అంటుకుపోతావు. గిట్టల సంగతి నేనొచ్చి చూసుకుంటాను. బురద ఉంటే ఉండనీ, అదే రాలుతుంది.

ఎప్పుడొస్తానో చెప్పలేను. నడుం పట్టేసింది. తింటున్నావా అని అడగను. అడిగితే తింటున్నాననే రాస్తావు.

నీ మామ

*

జులై 20
ఇల్లు

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. వదలమంటారేమోనని ఎంత భయపడ్డానో నాకే అప్పుడు తెలిసింది. వదలొద్దన్నారు. హమ్మయ్య అనుకున్నాను.

అడితిలో పొట్టు రెండు గోతాలు ఇచ్చారు. అక్కడి గుమాస్తా తలెత్తి నా మొహం చూడలేకపోయాడు. గోతాల మూతులు కట్టిన తాడుని మళ్ళీ విప్పి మళ్ళీ కట్టాడు పాపం.

పొట్టు పరవాలంటే లోపలికి వెళ్ళాలిగా. వెళ్ళాను. పెంకి మెడ చాచి నా పైట కొంగు వాసన చూసింది. తర్వాత నా నడుం దగ్గర మూతితో పొడవడం మొదలుపెట్టింది. ముందు అర్థం కాలేదు. ఆయన చొక్కా కుడి జేబులో దానికోసం చక్కెర ముక్క ఉండేది. ఆ జేబు కోసం వెతుకుతోంది. నేను అక్కడే పొట్టులో కూలబడి ఏడ్చాను మామయ్యగారూ. నా ఏడుపు అయిందాకా ఆగి, పెంకి మళ్ళీ వెతికింది.

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. కానీ బాగుండటం లేదు. వెనక కాళ్ళు మోకాళ్ళ కింద వాచి దిమ్మల్లా అయ్యాయి. పొద్దస్తమానం నిలబడ్డ చోటే ఇటో అడుగు, అటో అడుగు, తల ఊపుతూ ఊగుతుంది. చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. పశువుల డాక్టరుని పిలిచాను. ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "రోగం ఏం లేదమ్మా, జైల్లో పెట్టావు, అంతే" అన్నాడు. బురదైనా సరే కాసేపు వదలమన్నాడు. బురదకి వచ్చే పుండ్లు కడిగితే పోతాయి, ఇలా నిలబెడితే వచ్చే జబ్బు పోదు అన్నాడు. కాళ్ళు కడిగి ఉంచు, వారంలో మళ్ళీ వస్తానన్నాడు.

మీరు వద్దన్నారు, డాక్టరు వదలమంటున్నాడు. నేను మాత్రం ఆ వాలు వైపు తల తిప్పకుండానే లాండ్రీకి పోయి వస్తున్నాను. ఏం చేయమంటారు?

ఒక మాట. మీ ఉత్తరంలో పంక్తులు ఒకదాని మీదికొకటి ఎక్కేశాయి. రెండు చోట్ల ఒక వాక్యం మీదే ఇంకో వాక్యం రాసేశారు. ఒంట్లో బాగానే ఉందా?

మీ కోడలు

*

జులై 28
మెట్ల కింద గది

అమ్మాయికి,

డాక్టరుకేం తెలుసు, గాడిద గుడ్డు. పుస్తకంలో గుర్రాన్ని చూసి పాసయినవాడు. నేను గుర్రం కాళ్ళ మధ్య కూర్చుని బతికినవాణ్ణి. వదలొద్దంటే వదలొద్దు.

ఊగడం మానాలంటే దానికి తోడు కావాలి. రేడియో తీసుకెళ్ళి సాలలో పెట్టు. వార్తలైనా సరే, మనిషి గొంతు వినపడాలి. వాపుకి తడిగుడ్డ కట్టు, అదీ ముందు కాళ్ళకే. వెనక్కి వెళ్ళకు. ఎన్నిసార్లు చెప్పాలి?

పెంకి సంగతి నీకు మా వాడు చెప్పాడో లేదో. అది నెలల కూనగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోయింది. బకెట్టులో పాలు పోసి పెడితే తాగదు. మూతి ముంచితే తలెగరేసి అందరి మొహాల మీదా చల్లేది. మూడు రోజులు అలాగే పస్తు ఉంది. దీనికింత పెంకితనమేంటిరా అని నేను చేతులెత్తేశాను. మా వాడికి అప్పుడు పదహారేళ్ళు. మోచేతిదాకా చెయ్యి పాలల్లో ముంచి, వేళ్ళు పైకి పెట్టి కూర్చున్నాడు. అది వచ్చి వేళ్ళు చీకింది. వేళ్ళతో పాటు పాలూ పోయాయి లోపలికి. నెల రోజులు పూటకోసారి అలాగే. ఆ చెయ్యి ఎప్పుడూ పాలవాసనే. బళ్ళో పిల్లలు వాణ్ణి ఆటపట్టించేవాళ్ళు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పంక్తులంటావా, బల్ల కుంటుతోంది. కలం కక్కుతోంది. నాకేం, రాయిలా ఉన్నాను.

నీ మామ

*

ఆగస్టు 5
సాలలో కూర్చుని

మామయ్యగారికి,

డాక్టరు మళ్ళీ వచ్చాడు. వాపుకి కట్టు కట్టాలంటే ముందు బురద పోవాలన్నాడు. వేణ్ణీళ్ళు పెట్టి, పెంకి కాళ్ళు నాలుగూ కడిగాను. అది తన్నలేదు. కదలనైనా లేదు.

ముందు గిట్టలు ఉత్తవి. వెనక రెండిటికీ నాడాలున్నాయి. అరిగి అరిగి నున్నగా అయిపోయిన పాత నాడాలు. కుడిదాని పక్కన గిట్ట మీద, ఇనుము అరగదీసే ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

తడిరాయి మీద ఇనుము జారుతుంది, ఉత్త గిట్టకే పట్టు దొరుకుతుంది అని మీరే చెప్పేవారు. అందుకే కదా వానలకు ముందు ఏటా రైలెక్కి వచ్చి నాడాలు తీసి వెళ్ళేవారు.

ఒక్కటే అడుగుతాను. నాలుగూ తీస్తారా, రెండే తీస్తారా?

మీ కోడలు

*

ఆగస్టు 16
ఇల్లు

మామయ్యగారికి,

జవాబు రాలేదు. ఉత్తరం అందిందని వదిన రాసింది. అంటే మీరు చదివారు.

*

ఆగస్టు 22
మెట్ల కింద గది

అమ్మాయీ,

రెండే తీశాను.

ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

బల్ల కుంటడం లేదు. కలం కక్కడం లేదు. కళ్ళు పోతున్నాయి. రెండేళ్ళుగా అన్నీ పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటున్నాయి. నీ వదినకి కూడా తెలియనివ్వలేదు. గిట్టని చూసి పని చేసేవాణ్ణి కాదు, వేలితో తడిమి చేసేవాణ్ణి. నలభై ఏళ్ళ చెయ్యి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. మా వాడికి తప్ప. పోయినసారి నాడా కొడుతూ సుత్తి నా బొటనవేలి మీదే వేసుకున్నాను. వాడు చూశాడు. "నాన్నా, ఇక చాలు. వచ్చేసారికి ఇటుకల బట్టీ దగ్గరి నాడాలవాణ్ణి పిలుస్తాను. నువ్వు టీ తాగుతూ వాణ్ణి తిడుతూ కూర్చో" అని నవ్వాడు. ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా కొడుకు గుర్రానికి ఎవడో వచ్చి నాడాలు తీయడమా అని పంతం పట్టి, ఈసారి వాడు కబురు చేయకముందే వచ్చాను.

ముందు కాళ్ళవి చకచకా వచ్చేశాయి. వెనక్కి వచ్చేసరికి ముసురు పట్టి వెలుతురు తగ్గింది. నాడా ఊడాలంటే ముందు గిట్ట మీద వంచిన మేకుల మొనలు అరగదీయాలి. ఆ మొనలు నాకు దొరకలేదు. తడిమాను, వేళ్ళు తడి, గిట్ట తడి. ఆకురాయి జారి నా వేలే చీరుకుంది. అప్పుడే వాడు ఇంట్లోంచి కేకేశాడు. "నాన్నా, అయిందా? నన్ను రమ్మంటావా?"

"అయిపోయిందిరా, నాలుగూ తీసేశాను" అన్నాను.

పొద్దున్నే వెలుతురులో ఆ రెండూ తీసేద్దాం, వాడికి తెలియకుండా పోతుంది అనుకున్నాను. సాలలో కట్టేసిన గుర్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆ గిట్టలకు బురద కూడా బాగా పట్టి ఉంది, కనపడవులే అనుకున్నాను. పొద్దున నేను లేచేసరికే వాడు దాన్ని తోలుకుపోయాడు.

కట్టేసి ఉంచమని నీకెందుకు రాశానో ఇప్పుడు తెలిసిందిగా. ఆ నాడాలతో బయటికి తీస్తే నువ్వూ పోతావని ఒక భయం. కాళ్ళు కడిగితే నీకు కనపడుతుందని ఇంకో భయం. రెండోదే ఎక్కువ. ఇందులో దాచేదేముంది. ఆ నోరులేని దాన్ని రెండు నెలలు నా సిగ్గుకి కట్టేశాను.

నన్ను ఏమన్నా పడతాను.

నీ మామ

*

ఆగస్టు 30
ఇల్లు

మామయ్యగారికి,

మీ ఉత్తరం చింపేశాను. మళ్ళీ ముక్కలు ఏరుకుని, లాండ్రీలో సంచులకి అంటించే జిగురుతో అతికించాను. ఎందుకు అతికించానో నాకు తెలీదు.

ఏమన్నా పడతానంటున్నారు. ఏమనమంటారు? పెంకి నాడాలు ఇంకెవరైనా తీసుంటే ఆయన వంగి ఒకసారి చూసేవాడు. బండి ఇరుసుకి పక్కవాడు చమురు రాస్తే వేలు పెట్టి చూసుకునే మనిషి. మీరు అయిపోయిందన్నారు కాబట్టి చూడలేదు. అంతే జరిగింది. మీ మాట నమ్మి పోయాడు మీ కొడుకు.

ఆ తర్వాత కూడా మీరు ఇక్కడ ఆరు రోజులున్నారు. నా చేత్తో టీ తాగారు. నా తల మీద చెయ్యి వేసి, నా కర్మ కాలిందమ్మా అని ఏడ్చారు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా? ఏ మొహం పెట్టుకుని సాల ఎలా తుడవాలో, గడ్డి ఎలా తడపాలో ఉత్తరాలు రాశారు?

ఇటుకల బట్టీ దగ్గరి నాడాలవాణ్ణి పిలుద్దామని సగం దారి దాకా వెళ్ళాను. వాడు రాగానే అడుగుతాడు, ముందువి తీసి వెనకవి వదిలేసిన మొనగాడెవడమ్మా అని. ఏమని చెప్పను? మా మామయ్య అని చెప్పనా? నలుగురి నోళ్ళలో మీ పేరు నానడం నాకు ఇష్టంలేక వెనక్కి తిరిగి వచ్చేశాను. మీ మీద ఇంత కోపంతో ఉండి కూడా. నా మీద నాకే అసహ్యమేసింది.

నా సంగతీ చెబుతాను. ఎన్నాళ్ళని మింగుతాను. ఆ పొద్దున ఆయనకి జలుబు చేసి ఉంది. ఇవాళ్టికి బయటికి తీయనులే, ఉండనీ అన్నాడు. అప్పుడే పెంకి చెక్కలు తన్నింది. నేను తెల్లారుజాము డ్యూటీ చేసి వచ్చి ఉన్నాను, తల పగిలిపోతోంది. "దాన్ని బయటికి తీసుకుపో మహానుభావా, ఈ చప్పుడు నేను భరించలేను" అన్నాను. చివరగా ఆయనతో అన్న మాట అదే. మీరు మాత్రమే చంపారని ఎలా అనను?

మీ పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళారు. పటకారు, సుత్తి, ఆకురాయి అన్నీ ఉన్నాయి. నాడా ఎలా తీయాలో రాయండి. నేనే తీస్తాను. గిట్టలు పెరిగి నాడాల మీదికి వచ్చేస్తున్నాయి, ఇంక ఆగడానికి లేదు.

ఇంకొకటి. ఆ పొద్దున మీరు పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండటం నాకు గుర్తుంది. పొద్దున్నే ఈయనకు ఈ పెట్టెతో ఏం పని అనుకున్నాను. అది ఆయన వెళ్ళాకా, వెళ్ళకముందా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

మీ కోడలు

*

సెప్టెంబరు 6
మెట్ల కింద గది

అమ్మాయీ,

వెళ్ళకముందు.

లేచేసరికే తోలుకుపోయాడని రాశాను. అది అబద్ధం. నేను లేచే ఉన్నాను. నువ్వన్న మాట విన్నాను. వాడు నవ్వి, "సరే తల్లీ, నీ తలనొప్పి నేను తోలుకుపోతున్నా" అనడమూ విన్నాను. నా ముందు నుంచే దాన్ని నడిపించుకుంటూ పోయాడు. "ఒరే ఆగు, వెనకవి రెండు ఉన్నాయి" అనాలి. ఎంతసేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది. కోడలి ముందు నిన్న అబద్ధమాడానని ఒప్పుకోవాలే అని నోరు పెగల్లేదు. తిరిగొచ్చాక తీద్దాంలే అనుకున్నాను. పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

అందుకే నీ మాట వల్ల పోయాడని ఇంకెప్పుడూ అనుకోకు. ఇంట్లో ఆడవాళ్ళు రోజుకు పదిసార్లు అనే మాట అది. దాని దారిన అది పోయేది. ఆపాల్సినవాణ్ణి నేను, ఆపలేదు.

ఇప్పుడు నాడా సంగతి. పొద్దున పూట తీయి. వెనక కాలు ఎత్తేముందు దాని తుంటి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండా కిందిదాకా జార్చు. నీ చెయ్యి ఎక్కడుందో దానికి తెలుస్తుంటే తన్నదు. కాలు నీ తొడ మీద పెట్టుకో. బరువు వేస్తుంది, వెయ్యనీ, కాసేపటికి తనే తగ్గిస్తుంది. గిట్ట పక్కన వంగిన మేకుల మొనలు ఒకవైపు మూడు, ఒకవైపు నాలుగు ఉంటాయి. నీకు కనపడతాయి. ఆకురాయితో ఒక్కొక్కటీ అరగదియ్. తొందరపడకు. తర్వాత పటకారు మడమ వైపు నాడా కొస కిందికి దూర్చి, పిడులు గిట్ట మధ్యలోకి నొక్కు. బయటికి మాత్రం మెలిపెట్టకు, గిట్ట చీలుతుంది. ఈ పక్క కాస్త, ఆ పక్క కాస్త, అలా ముందుకి పో. చివర్లో దానంతటదే చేతిలోకి వస్తుంది.

వచ్చాక మేకులు ఏడూ లెక్కపెట్టు. ఒక్కటి పొట్టులో పడినా వెతికి తియ్. గుచ్చుకుంటుంది.

తీశాక దాన్ని వదులు అమ్మాయీ. బురదైనా సరే, వదులు.

నీ మామ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

*

సెప్టెంబరు 17
ఇల్లు

మామయ్యగారికి,

తీశాను. మొదటిదానికి పొద్దంతా పట్టింది, రెండోదానికి గంట. ఆసుపత్రి తడి దుప్పట్లు ఎత్తే చేతులు కాబట్టి సరిపోయాయి. మధ్యలో పెంకి ఒకసారి బరువంతా నా తొడ మీద వేసి నిద్రలోకి జారుకుంది. చెవి మెలిపెడదామనుకున్నాను, పోనీలే అని కూర్చున్నాను. మేకులు పద్నాలుగూ లెక్క సరిపోయాయి.

సాల తలుపు తీశాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. తాడు లాగినా రాదు, అదిలించినా రాదు. వాన లేదు కానీ బురద అలాగే ఉంది. చివరికి నేనే ముందు దిగాను. చెప్పులు రెండూ బురద మింగేసింది. ఉత్త కాళ్ళతో నిలబడి చెయ్యి చాపితే, అప్పుడు దిగింది. దిగి నాలుగడుగులు వేసిందో లేదో కూలబడి, ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లింది చూడండి! లేచేసరికి చెవుల మధ్య కూడా బురదే. నాకు నవ్వొచ్చింది. జూన్ తర్వాత మొదటిసారి నవ్వాను. నవ్వానని తెలిసి, వెంటనే గోడకి ఆనుకుని ఏడ్చాను.

తర్వాత వాలు దిగింది. నేను తాడు వదులుగా పట్టుకుని పక్కనే నడిచాను. రాళ్ళ మీద దాని గిట్టలు ఒక్కటీ జారలేదు. నాలుగు రాళ్ళు తొక్కింది. అయిదో రాయి దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెవులు ముందుకి పెట్టి, పక్కనున్న బురదలోకి దిగి చుట్టూ తిరిగి, ఆ కింది రాయి ఎక్కింది. నేను తాడు కదపలేదు. మర్నాడూ అంతే. నిన్నా అంతే, ఇవాళా అంతే. కడుపు దాకా బురదైనా సరే, ఆ రాయి మాత్రం తొక్కదు.

అది ఏ రాయో మీకు రాయక్కర్లేదు.

ఇక రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట వదులుతున్నాను. కుండపోత అయితే ఆ పూటకి కట్టేస్తాను. కాళ్ళు కడిగి తుడుస్తాను. వాపు సగం తగ్గింది. ఊగడం తగ్గింది కానీ మానలేదు. ఇక మానదేమో అన్నాడు డాక్టరు. కొన్ని అలవాటైపోతాయట.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది, ఈ ఇంట్లో ఇక అబద్ధాలు వద్దు. కొన్ని పొద్దుల్లో మీ పేరు తలచుకుంటేనే పళ్ళు కొరుక్కుంటాను. కొన్ని పొద్దుల్లో, అక్కడ ఆ గదిలో కిటికీ వెతుక్కుంటూ ఒక్కరే ఎలా కూర్చున్నారో అనిపిస్తుంది. రెండూ నిజమే.

మీరొస్తే రండి. కళ్ళు కనపడకపోతే ఏం, సాలలో గడ్డి తడపడానికి కళ్ళక్కర్లేదు. పెంకికి తోడు కావాలని మీరే రాశారుగా. నేను లాండ్రీకి పోతే దానికి రేడియో తప్ప దిక్కులేదు. వార్తలు విని విని దానికీ విసుగొచ్చింది.

మీ కోడలు

*

సెప్టెంబరు 24
కూతురి ఇల్లు

అమ్మాయికి,

నేను చెబుతుంటే నీ వదిన రాస్తోంది. ఉన్నదంతా దానికి చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కలం పట్టుకుని వచ్చి, చెప్పు ఏం రాయాలో అంది. రాస్తూ ఏడుస్తోంది, కాగితం తడిస్తే అది నా పని కాదు.

నీ ఉత్తరం దానితో మూడుసార్లు చదివించుకున్నాను. క్షమించానని నువ్వు రాసుంటే నేను వచ్చేవాణ్ణి కాదు. రాయలేదు కాబట్టి వస్తున్నాను. శనివారం మధ్యాహ్నం బండికి నీ వదిన ఎక్కిస్తుంది. అక్కడ దించుకో.

సాల తుడుస్తాను. గడ్డి తడుపుతాను. నువ్వు పెట్టింది తింటాను, నువ్వు మాట్లాడని రోజు మాట్లాడకుండా ఉంటాను. గుర్రాన్ని బయటికి తీయాలా వద్దా అన్నది ఇక నీ ఇష్టం, నేను నోరెత్తను.

ఒక్క కోరిక. ఆ రోజు అందరూ వాలు దిగి పరుగెత్తితే, నేను పెట్టె పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను. వాడు పడ్డ చోటు నేను చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా కళ్ళు లేవు.

వచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళొద్దు. ఇదే రాయి అని చెప్పొద్దు. పెంకి తాడు నా చేతికియ్యి, దాన్ని మామూలుగా వాలు దిగనీ. నేను దాని పక్కనే నడుస్తాను. అది ఎక్కడ పక్కకి తిరుగుతుందో, అక్కడ ఆగుతాను.

నీ మామ